అధికారిభేదం – ఐదు అంచెల యుద్ధక్రీడ



ఏ శాస్త్రమైనా ఆరంభంలో అనుబంధ చతుష్టయాన్ని చెబుతుంది. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ నాలుగింటిలో చివరి పదాన్ని నేటి వ్యవహారం బాగా చెడగొట్టింది. కార్యాలయంలో కుర్చీ మీద కూర్చుని సంతకం చేసేవాడు అధికారి అయిపోయాడు. శాస్త్రపరిభాషలో అధికారి అంటే యోగ్యుడు, ఆ విద్యను గ్రహించి ధరించగలవాడు. అతడిని మందుడనీ, మధ్యముడనీ, ఉత్తముడనీ మూడు విధాలుగా మన పెద్దలు విభజించారు. మందాధికారి అన్న మాట వినగానే చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. నిజానికి అది తిట్టు కాదు, వైద్యుడు నాడి చూసి చెప్పే మాటవంటిది. ఈ విషయాన్ని పాఠం చెబుతూ ఎన్నోసార్లు వివరించాను. కానీ నాకే ఇది స్పష్టంగా కళ్ళకు కట్టింది మాత్రం ఒక యుద్ధక్రీడలో. పాఠక మహాశయులు నవ్వుకున్నా సరే, ఆ క్రీడ పేరు డూమ్.

1993 డిసెంబరు 10న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రానికి చెందిన ఐడి సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ దీనిని విడుదల చేసింది. అంగారక గ్రహానికి రెండు ఉపగ్రహాలు, ఫోబోస్, డైమోస్. అక్కడి కట్టడాలలో నరకద్వారం తెరుచుకుంటుంది. ఒంటరిగా మిగిలిన ఒక సైనికుడు ఆ వికృతజీవుల మధ్య నుంచి బయటపడాలి. కథ ఇంతే. ఆడేవాడి కన్నులే యోధుడి కన్నులు. తెర మీద చేతిలోని ఆయుధం తప్ప తన శరీరం కనబడదు. ఇటువంటి వాటిని ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారట. మన వ్యాకరణం ప్రకారం 'నేను' అనేది ఉత్తమపురుష కనుక ఉత్తమపురుష యుద్ధక్రీడ అనుకోవచ్చు. తెర అడుగున మాత్రం యోధుడి ముఖం చిన్నదిగా కనిపిస్తూ ఉంటుంది. దెబ్బలు తగిలే కొద్దీ ఆ ముఖం నెత్తురోడుతుంది. తన ముఖం తాను చూసుకుంటూ పోరాడడం విచిత్రంగానే ఉంటుంది. సాక్షిని గురించి చెప్పేటప్పుడు దీనిని దృష్టాంతంగా వాడవచ్చునా అని ఆలోచించాను గాని, ఆ ముఖం దృశ్యమే తప్ప ద్రష్ట కాదు. కనుక విడిచిపెట్టాను.

హింసతో నిండిన ఆట గురించి అర్చకుడు రాయడమేమిటని కొందరికి తోచవచ్చు. రక్తపాతం ఉన్నమాట వాస్తవమే. పసిపిల్లల చేతికి ఇవ్వమని నేను చెప్పను. అందులోని పిశాచాలు క్రైస్తవుల నరకకల్పన నుంచి వచ్చినవి, మన అసురులు కారు. మన రాక్షసుడికి వంశం ఉంటుంది, తపస్సు ఉంటుంది, వరం ఉంటుంది, ఒక్కొక్కడికి వేదాధ్యయనమూ ఉంటుంది. డూమ్‌లోని జీవికి గతం లేదు. ఎదురుపడడం, మీద పడడం, అంతే.

ఇక ప్రకృతం. ఆట ఆరంభంలో ఐదు అంచెలు చూపి ఒకటి ఎంచుకోమంటారు. వాటి పేర్లు పరిహాసంగా ఉంటాయి. మొదటిదానికి 'చావడానికి నేనింకా చిన్నవాణ్ణి' అని అర్థం. రెండవది 'మరీ మొరటుగా వద్దు' అని. మూడవది 'దండిగా నొప్పించు' అని. నాలుగవది అల్ట్రా వయొలెన్స్, అంటే అతిహింస. అయిదవది నైట్‌మేర్, దుస్స్వప్నం. ఈ అయిదవది మొదట లేదు. నాలుగవది సులువుగా ఉందని కొందరు అన్నందువల్ల 1994లో చేర్చారు. దానిని ఎంచుకుంటే, ఇందులో న్యాయమన్నది ఏ కోశానా లేదు, నిశ్చయమేనా అని ఆటే ఒకసారి అడుగుతుంది.

నన్ను ఆకర్షించినది ఈ అంచెల నిర్మాణం. రెండు, మూడు, నాలుగు అంచెలలో యోధుడి బలం మారదు. ఆరోగ్యం 100తోనే మొదలు, చేతిలో అదే పిస్తోలు, అవే 50 గుళ్ళు. ఒక్కొక్క పిశాచం బలం కూడా మారదు. గోడలు, తలుపులు, నిర్గమద్వారం ఏవీ మారవు. మారేది ఎదురయ్యేవారి సంఖ్య, వారిని నిలిపిన చోట్లు. మొదటి అంచెలో, రెండవ అంచెలో ఎంతమంది ఉంటారో అంతమందే ఉంటారు గాని తగిలే దెబ్బ సగమే లెక్కకు వస్తుంది, దొరికే గుళ్ళు రెండింతలవుతాయి. అయిదవ అంచెలో నాలుగవదానిలోని బలగమే ఉంటుంది గాని వారి వేగం పెరుగుతుంది, చచ్చినవారు కొంతసేపటికి మళ్ళీ లేస్తారు.

వేదాధ్యయనం చేసినవారికి ఇది కొత్త కాదు. సంహిత, పదం, క్రమం, జట, ఘన. అవే అక్షరాలు. ఘనపాఠి కొత్త మంత్రాన్ని వల్లించడు. మంత్రం ఒకటే, పదాలు ముందుకూ వెనుకకూ మరలుతూ ఎదురయ్యే తీరు మారుతుంది. సంహిత మాత్రమే వచ్చినవాడు చేసిన అభిషేకాన్ని శివుడు స్వీకరించడని ఎవరూ అనలేదు. మా పాఠశాలలో సంథ చెప్పే గురువుగారు జటలో తడబడిన పిల్లవాణ్ణి కోప్పడేవారు గాని, సంహితతో ఆగిపోయి పౌరోహిత్యానికి వెళ్ళినవాణ్ణి ఏనాడూ తక్కువగా చూడలేదు.

ఇక్కడే ఆటకూ శాస్త్రానికీ పెద్ద తేడా. ఆ ఆటలు సులభమైన అంచెను ఎంచుకున్నవాణ్ణి ఎగతాళి చేస్తాయి. ఇదే సంస్థ తయారుచేయగా 1992లో విడుదలైన వోల్ఫెన్‌స్టైన్ 3డీ అనే ఆటలో అతి సులువైన అంచె దగ్గర యోధుడికి పసిపాప టోపీ పెట్టి, నోట్లో పీక పెట్టి చూపిస్తారు. నవ్వడానికే చేసి ఉండవచ్చు. శాస్త్రం మాత్రం ఆ పని చేయదు. స్నానం చేయలేని రోగికి మంత్రస్నానం, భస్మస్నానం చెప్పింది. జలం అందని చోట ఆచమనానికి బదులు కుడిచెవిని తాకితే చాలునన్నది. అలా తాకేవాణ్ణి చూసి నవ్వమని ఎక్కడా చెప్పలేదు.

ఈ ఆట నా దగ్గరకు వచ్చిన కారణం చెప్పక తప్పదు. మా చెల్లెలి కుమారుడికి 22 ఏళ్ళు. వేదపాఠశాలలో క్రమాంతం చదివి, ఆ తరువాత డిగ్రీలో చేరాడు. రెండేళ్ళ క్రితం మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. అప్పటి నుంచి మంగళ, గురు, శనివారాలు డయాలిసిస్, ఒక్కొక్కసారి 4 గంటలు. శనివారం ఆలయంలో రద్దీ కనుక ఆ రోజు వాళ్ళ అమ్మ వెంట వెడుతుంది. మంగళ, గురువారాలు సాయంకాలారాధన మా అబ్బాయికి అప్పగించి నేను వెడతాను. సూదులు గుచ్చిన ఎడమచేయి కదపకూడదు. పిల్లవాడికి ఆ ఆట మీద మక్కువ, ఒంటిచేత్తో ఆడడమా కుదరదు. ఒకనాడు ల్యాప్‌టాప్ నా ఒడిలో పెట్టి "మామయ్యా, మీరు ఆడండి, నేను చెబుతాను" అన్నాడు. వాడికి రుద్రం సంథ చెప్పినవాణ్ణి నేను. నాకు ఆట సంథ చెప్పినవాడు వాడు. బాణం గుర్తుల మీటలతో నడక, కంట్రోల్ మీటతో కాల్పు, ఖాళీ మీటతో తలుపు తీయడం, ఆల్ట్ నొక్కి పట్టుకుంటే పక్కకు జరగడం. నా వేళ్ళకు ఇది పట్టుబడడానికి మూడు వారాలు పట్టింది.

వాడు చెప్పిన యుద్ధనీతిలో కొన్ని సూత్రాలు ఇక్కడ ఉటంకించదగినవి.

మొదటిది శబ్దం. తుపాకి పేల్చగానే ఆ చప్పుడు తెరిచి ఉన్న తలుపుల గుండా పక్కగదులకు పాకుతుంది. విన్న పిశాచాలన్నీ మేల్కొని వెదుక్కుంటూ వస్తాయి. కొన్ని మాత్రం విన్నా కదలవు, పొంచి ఉండి, మనం కంటబడినప్పుడే మీద పడతాయి. వాసనల స్వభావం తెలిసినవారికి నేను ఇంకేమీ చెప్పనక్కరలేదు. అందుచేత గదిలోకి దూసుకుపోవడం కన్నా, ఒకసారి పేల్చి, వెనక్కు వచ్చి, ద్వారం దగ్గర నిలబడితే అవి ఒక్కొక్కటిగా వస్తాయి. నేను మొదట్లో గది మధ్యకు పోయి నిలబడేవాణ్ణి. "గర్భాలయంలో అలవాటు కదా మామయ్యా" అని వాడు నవ్వేవాడు.

రెండవది, ఎవరిని ముందు పడగొట్టాలన్న వివేకం. ఇంప్ అనే గోధుమరంగు పిశాచం నిప్పుముద్దలు విసురుతుంది. చూడడానికి భయంకరంగా ఉంటుంది, దాని ప్రాణబలం 60. తుపాకి పట్టిన శవసైనికుడి బలం అంతకన్నా తక్కువ. సహజంగా మనం పెద్దదానినే ముందు చూస్తాం. కానీ నిప్పుముద్ద గాలిలో వస్తూ కనబడుతుంది, పక్కకు తప్పుకోవచ్చు. శవసైనికుడి గుండు పేలిన క్షణమే తగులుతుంది, తప్పుకునే వ్యవధి లేదు. కనుక వాడే ముందు పడాలి. ఆ మాట చెబుతూ చెబుతూనే ఒకనాడు వాడికి రక్తపోటు పడిపోయింది. మాట మధ్యలో కన్నులు తేలవేశాడు. నర్సు పరుగెత్తుకు వచ్చి మంచం తలవైపు దించి, సెలైన్ ఎక్కించింది. పది నిమిషాలకు తేరుకుని "ఇది రెండో రకం" అన్నాడు.

మూడవది, శత్రువులలో కలహం. ఒక జాతి పిశాచం విసిరినది వేరొక జాతిదానికి తగిలితే, అది మనల్ని విడిచి కొట్టినదాని మీదికి తిరుగుతుంది. నేర్పరి అయినవాడు గుళ్ళు ఖర్చు చేయకుండా ఇద్దరి మధ్య నిలబడి, తగలబోయే క్షణంలో తప్పుకుని, వారిలో వారిని కొట్టుకోనిస్తాడు. సుందోపసుందుల కథ గుర్తుకు రాకుండా ఉండదు. తిలోత్తమ చేసినది ఇదే కదా.

నాలుగవది లెక్క. గుళ్ళు 200కు మించి మోయలేము, వీపుసంచి దొరికితే 400. ఆరోగ్యాన్ని నింపే పెట్టె 25 ఇస్తుంది. 90 ఉన్నవాడు దానిని తీసుకుంటే 100 దగ్గర ఆగిపోతుంది, మిగిలిన 15 వృథా. కనుక అవసరం వచ్చేవరకు దానిని అక్కడే ఉంచి, ఎక్కడ ఉన్నదో జ్ఞాపకం పెట్టుకోవాలి. ఈ లెక్క మా వాడికి ఆటలో కన్నా ఇంట్లో ఎక్కువ. రోజుకు ఇంత నీరని కొలత. కొబ్బరినీళ్ళు కూడదు, అరటిపండు కూడదు, పొటాషియం పెరుగుతుంది. అర్చకుడి ఇంట్లో ప్రసాదమంటే ఈ రెండే. ఉద్ధరిణెడు తీర్థం కూడా వాడు లెక్కలో రాసుకుంటాడు.

యుద్ధంలో మరణిస్తే ఆ దశ మళ్ళీ మొదటి నుంచి. పోగుచేసిన ఆయుధాలు పోతాయి, పిస్తోలు, 50 గుళ్ళు మాత్రం మిగులుతాయి. ఏ మూల ఎవరు పొంచి ఉన్నారో తెలిసిన తెలివి మాత్రం ఆడేవాడిలో ఉండిపోతుంది. ప్రాక్తన సంస్కారమనే మాటకు ఇంతకన్న సుబోధకమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

నైట్‌మేర్ విషయం వేరు. అక్కడ చంపడం వల్ల ప్రయోజనం స్వల్పం, మళ్ళీ లేస్తాయి. రక్తబీజుడి కథే. అయితే ఆడేవాడికి కాళికాదేవి నాలుక లేదు. కనుక ఆ అంచెలో నేర్పరులు చంపడం మీద దృష్టి పెట్టరు, దారికి అడ్డమైనవారిని తొలగించుకుని ద్వారం వైపు పరుగెడతారు. జపంలో కూర్చున్నప్పుడు వచ్చే తలపులతో యుద్ధం చేసేవారిని చూస్తుంటాను. ఒక తలపును అణచేలోగా అది రెండవ రూపంలో లేస్తుంది. వారికి ఈ మాట పనికిరావచ్చు.

ఇక అసలు చిక్కు. ఒక గురువారం మా వాడు అడిగాడు: "ఆటలో అంచె ఎంచుకునేది మనమే. నాకు ఈ అంచె ఎవరు నొక్కారు మామయ్యా?"

బ్రహ్మసూత్రాలలో రెండవ అధ్యాయం మొదటి పాదంలో వైషమ్య నైర్ఘృణ్యాధికరణమని ఒకటి ఉంది. ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ అనే దోషాలు అంటవని అక్కడి సిద్ధాంతం. వాన అన్ని విత్తుల మీదా ఒకే విధంగా కురుస్తుంది, వరి వరిగా, యవ యవగా మొలవడానికి ఆ విత్తే కారణం అని భగవత్పాదులు దృష్టాంతం చెప్పారు. మొట్టమొదట కర్మ ఎక్కడిదని అడిగితే, సంసారం అనాది కనుక మొట్టమొదలన్న మాటే లేదని తరువాతి సూత్రం సమాధానం. ఆటతో పోలిక ఇక్కడ విరిగిపోతుంది. ఆటకు ముందు ఒక పట్టిక, దానికి ముందు ఆడబోయే మనిషి ఉన్నారు. సంసారానికి అటువంటి పూర్వరంగం లేదు. ఎంచుకున్న జ్ఞాపకం లేదేమని అడగడానికి, ఎంచుకున్న క్షణమంటూ ఉంటే కదా.

ఈ సిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. కానీ ఆ మంచం దగ్గర చెప్పలేదు. చెప్పకపోవడం దౌర్బల్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పరామర్శకు వచ్చిన ఒక బంధువు మా చెల్లెలి ఎదుటనే "పూర్వజన్మలో ఏం చేశాడో" అని నిట్టూర్చాడు. కర్మ అదృష్టం, అంటే కంటికి కనబడనిది. ఫలానా రోగం ఫలానా వ్యక్తి చేసిన ఫలానా పనికి ఫలమని వేలు పెట్టి చూపడానికి ప్రత్యక్షం చాలదు, అనుమానం చాలదు, ఆ వ్యక్తి పేరు పెట్టి చెప్పే శ్రుతివాక్యమూ లేదు. ప్రమాణం లేని మాట పలకడం శాస్త్రజ్ఞుడికి తగదు. తన దుఃఖాన్ని తాను ఓర్చుకునేందుకు ఆ సిద్ధాంతాన్ని తలచుకోవచ్చు, పక్కవాడి తల మీద మోపడానికి కాదు. మా వాడితో "ఎవరు నొక్కారో ఆ వివరం నా దగ్గర లేదురా నాన్నా. ఆడే పద్ధతి అయితే ఇద్దరం చూద్దాం" అన్నాను. వాడు సమాధానపడ్డాడో లేదో తెలియదు. మళ్ళీ ఆటలోకి వెళ్ళాడు.

వాడితో నా వాదం మరొకటి నడిచింది. ఏకాదశి ఉపవాసం మానను, త్రికాలాలలోనూ పూర్తి ఆచమనాలతో సంధ్య వారుస్తాను అని పట్టుబట్టాడు. వైద్యులు ఉపవాసం కూడదన్నారు. "నన్ను మందాధికారిని చేయకండి" అన్నాడు. ఆటలోనూ వాడు అతిహింసకు తగ్గడు. నన్ను మాత్రం మొదటి అంచెలో కూర్చోబెట్టాడు. నేను అడిగాను: "నాకు పెట్టిన అంచెలో ద్వారం వేరే చోట ఉందా? గోడలు మారాయా?" లేదన్నాడు. "నాకు దెబ్బ సగమే పడుతోంది కనుక నేను గెలిచిన దశ గెలవనట్టా?" కొంతసేపు ఊరుకున్నాడు. తరువాత వాడే, "ఒక సంగతి చెప్పనా మామయ్యా, గుళ్ళు రెండింతలు ఇచ్చేది రెండే అంచెలలో. మొదటిదానిలో, ఆఖరిదానిలో" అన్నాడు. అతి సులువైనవాడికీ, అతి కష్టమైనవాడికీ ఒకే దయ. ఎందుకలా చేశారో గాని, ఆ మాట వాడి నోట వచ్చిన తరువాత నేను వాదించలేదు. ఇప్పుడు సూర్యాస్తమయ వేళకు యంత్రం తిరుగుతుండగానే కన్నులు మూసుకుని మానసిక సంధ్య చేస్తాడు. కుడిచేయి ఖాళీయే కనుక కుడిచెవిని తాకుతాడు. ఏకాదశినాడు భోజనం చేస్తాడు.

మొదటి భాగంలో చివరి దశ గురించి చెప్పి ముగిస్తాను. అక్కడ ఇద్దరు బారన్లు ఉంటారు, మేక కాళ్ళ మహాకాయులు, ఒక్కొక్కరి బలం 1000. ఇద్దరూ ఒకే జాతి కనుక కలహం పెట్టడం సాగదు. పక్కకు జరుగుతూ ఆకుపచ్చని నిప్పుముద్దలను తప్పించుకుంటూ కొట్టాలి. మూడు సాయంకాలాలు ప్రయత్నించి పడగొట్టాను. చుట్టూ ఉన్న గోడలు కిందికి దిగాయి. ఎదుట ఒక వేదిక కనిపించింది. దాని మీద అడుగుపెట్టగానే చీకటి గదిలో తేలాను. నేల కాల్చేస్తోంది, చుట్టూ పిశాచాలు, దారి లేదు. ముఖం నెత్తురోడుతోంది. ఓడిపోయాననుకున్నాను. "గెలిచారు మామయ్యా" అన్నాడు వాడు.

ఆ గదిలో నుంచి బయటకు ద్వారం లేదట. ఆరోగ్యం పదికి దిగినప్పుడు ఆ దశ దానంతట అదే పూర్తవుతుంది. మొదటి అంచెవాడికి సగం దెబ్బే కనుక కొంత ఆలస్యం, అంతే తేడా. దొంగదారిన కొన్ని అక్షరాలు నొక్కి ఏ దెబ్బా తగలని స్థితిని తెచ్చుకునే ఉపాయం ఒకటి ఆ ఆటలో ఉంది. దానిని ఆడేవారు గాడ్ మోడ్, అంటే దైవావస్థ అంటారు, అప్పుడు యోధుడి కన్నులు బంగారురంగులో మెరుస్తాయి. ఆ చివరి గది నేల తగలగానే ఆ దైవావస్థ కూడా రద్దయిపోతుంది. 1997లో ఆ సంస్థ ఆట తాలూకు మూలలిపిని లోకానికి విడుదల చేసింది, అందులో ఈ ఏర్పాటు ఒక్క పంక్తిలో ఉందని వాడు చూపించాడు. ఆ లిపి నాకు చదవరాదు. వాడే అన్వయం చెప్పాడు.

"ముందే చెప్పలేదేంరా?" అన్నాను.

"చెబితే మీరు ఆ వేదిక ఎక్కేవారా?"

యంత్రం ఈల వేసింది. సూదులు తీశారు. బరువు 2 కిలోల 300 గ్రాములు తగ్గింది. మంగళవారం రెండవ భాగం మొదలుపెట్టాం. డైమోస్, మళ్ళీ పిస్తోలు, 50 గుళ్ళు. ఈసారి రెండవ అంచె పెట్టాడు.